నాన్న రంపానికి చక్రాలు

కుమాసి, బంటామా
ఆగస్టు 14, 1976

అన్నయ్యా,

ఈ పొద్దున నాన్న చెంప మీద బోల్టు అచ్చు కనిపించింది. ఆరు మూలలూ తెలుస్తున్నాయి. రాత్రి మళ్ళీ షెడ్డులో పట్టీ రంపం యంత్రానికి ఆనుకునే నిద్రపోయారు. అమ్మ చూసి, "ఇన్నేళ్ళ కాపురంలో నా చేతి పూసల అచ్చు ఒక్కసారైనా పడిందా ఆ చెంప మీద?" అంది. నాన్న నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది.

పోయిన నెల ఎదురు షెడ్డులోంచి మోటారు ఎత్తుకుపోయారు. అప్పటినుంచి నాన్న ఇంట్లో పడుకోవడం మానేశారు. మన షెడ్డుకి మూడు వైపులా గోడ లేదు కదా. రంపమేమో సిమెంటు దిమ్మలో పాతుకుని ఉంది. అది ఇంట్లోకి రాదు కాబట్టి ఆయనే దాని దగ్గరికి పోతున్నారు. డిసెంబరులో ఎడారి గాలి మొదలైతే ఈ దగ్గు ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

ఒక ఆలోచన వచ్చింది. రంపాన్ని దిమ్మ మీంచి విప్పి, దాని కింద వెడల్పుగా బీరువా లాంటి పీట కట్టి చక్రాలు బిగిస్తే, పగలు షెడ్డులో ఉంటుంది, రాత్రికి ముందు గదిలోకి తోసుకోవచ్చు. పీటలోనే సొరుగులు ఉంటాయి, రంపపు పట్టీలకీ నూనె డబ్బాకీ. బొమ్మ గీసి నాన్నకి ఇచ్చాను. ఆయన తలకిందులుగా పట్టుకుని చూసి "బాగుంది" అన్నారు. తిప్పి చేతిలో పెట్టాను. "ఇప్పుడూ బాగుంది" అన్నారు.

టీచరు ట్రైనింగుకి రమ్మని మా బడి సిస్టర్లు మళ్ళీ కబురు పెట్టారు. రానని రాసేశాను. తరగతిలో నోరు తెరవాలి. రంపం ముందు తెరవక్కర్లేదు. నాన్న నేర్పుతున్నారు. నాకు వస్తోంది కూడా.

నాకు కావలసింది బరువు మోసే నాలుగు చక్రాలు. ఇక్కడ దొరికేవి కూరగాయల బండ్లవి. టెమాలో ఓడరేవు ఉంది కదా, చూడు. బాదు మామయ్యనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
అద్వోవా

&nbsp;

టెమా
ఆగస్టు 29

సిస్టర్ల పిలుపు కాదన్న మా సిస్టర్ బెర్నడెట్ గారి సముఖానికి,

మీ అన్న యావ్ బరిమా, రొట్టెల బట్టీ ముందు చెమటలు కక్కుతూ రాసుకునేది.

ఆ సిమెంటు ఎవరు కలిపారనుకున్నావు? నేనే. చిన్నప్పుడు మిషను వాళ్ళ వడ్రంగి బడి మూసేస్తూ రంపం అమ్మితే, ఎనిమిది మంది మోసుకొచ్చారు. అందులో ఒకాయనకి నడుం పట్టేసి, ఇప్పటికీ చర్చిలో మోకాళ్ళ మీద కూర్చోడు. దాన్ని నువ్వు తోసుకుంటూ ఇంట్లోకి తెస్తానంటున్నావు. తీరా తెచ్చాక అమ్మ ఎక్కడ పడుకోవాలి, దిమ్మ మీదా?

ఎగతాళి పక్కన పెడితే, నీ ఆలోచన మంచిదే. ఆయన మంచం ఎక్కాలి. నేను మూడేళ్ళుగా చెబుతున్నాను, నా మాట ఎప్పుడు విన్నాడు? నువ్వు చెప్పకుండా బొమ్మ గీశావు, విన్నాడు. నీ పద్ధతి ఏదో నాకూ నేర్పు, మామయ్య మీద ప్రయోగిస్తాను. ఆయన బాగానే ఉన్నాడు. ఆయన బేకరీలో ఇప్పుడు రెండో బట్టీ వెలిగించాం.

చక్రాలు వెతుకుతాను. రేవులో తెలిసినవాళ్ళు ఉన్నారు.

యావ్

&nbsp;

కుమాసి
అక్టోబరు 17

అన్నయ్యా,

చక్రాలు అందాయి. లారీ డ్రైవరు గోనెసంచిలో తెచ్చి ఇచ్చాడు. పక్కింట్లో వేపుళ్ళు అమ్మే మామె ఆచియా తన మూకుడు దించి మరీ చూడడానికి వచ్చింది. "ఇవి విమానానివా?" అని అడిగింది. అంత బరువున్నాయి. ఎక్కడివో నువ్వు రాయలేదు. ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాలి, పేరు రాయి.

పీట పూర్తయింది. చట్రం ఓడుమ్ చెక్కతో కట్టాను. అన్నీ కుసి బెజ్జం అతుకులే, మేకులు కొట్టలేదు. మొదట కట్టింది ఇరుకైంది. రంపం ఎత్తుగా, తలబరువుగా ఉంటుంది కదా. నాన్న చుట్టూ ఒకసారి తిరిగి, "బిందె నెత్తిన పెట్టుకున్నావిడని ముక్కాలిపీట మీద నిలబెట్టావు" అన్నారు. మొత్తం విప్పి, అడుగు రెండు జానలు వెడల్పు చేశాను.

ఇంకో చిక్కు వచ్చింది. చక్రాల మీదే ఉంటే కోసేటప్పుడు రంపం వణుకుతూ నడిచిపోతుంది. అందుకని చక్రాల్ని విడిగా ఒక పలకకి బిగించి, దానికి లారీ స్ప్రింగు బద్దతో తొక్కుడు పెట్టాను. కాలితో తొక్కితే చక్రాలు దిగి రంపం పైకి లేస్తుంది. కొక్కెం తన్నితే చక్రాలు ముడుచుకుని రంపం పీటకున్న దిమ్మకాళ్ళ మీద కూర్చుంటుంది. తొక్కకుండా తోస్తే మాత్రం తల వాల్చేస్తుంది. ఈ సంగతి నాన్నకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, ఎవరికీ అవసరమూ లేదు.

సిమెంటు పగలగొట్టే రోజున అమ్మ నా చేతిలో సుత్తి లాక్కుంది.

"నేలలో ఉన్నదాన్ని ఎందుకు లేపుతావు?" అంది.

"నాన్న ఇంట్లో పడుకోవద్దా?"

"పడుకోవాలి. కానీ అది పాతుకుని ఉన్నన్నాళ్ళూ ఇంటితో సమానం. చక్రాలొస్తే కుర్చీతో సమానం."

నాకు అర్థం కాలేదు. నాన్నకి అయినట్టుంది. "మీ అమ్మ నన్ను అప్పుడే పాతిపెట్టేసింది" అని నవ్వి, సుత్తి తీసుకుని మొదటి దెబ్బ తనే వేశారు.

మొదటి రాత్రి ఆయనకి మంచం మీద నిద్ర పట్టలేదు. మాటిమాటికీ లేచి ముందు గదిలోకి వెళ్ళి దాన్ని తడిమి వచ్చారు. ఇప్పుడు గురక పెడుతున్నారు. అమ్మ విసుక్కుంటూనే సంతోషంగా ఉంది.

నీ చెల్లెలు
అద్వోవా

&nbsp;

టెమా
నవంబరు 2

వడ్రంగి గారికి,

చక్రాలు ఎక్కడివని అడక్కు. రేవులో ఒకాయన ఇచ్చాడు, నీ కృతజ్ఞతలు అక్కర్లేదన్నాడు. నాన్న గురక పెడుతున్నాడు, అంతకంటే ఏం కావాలి?

క్రిస్మస్‌కి వస్తున్నాను. ఆ తొక్కుడు నేనే తొక్కాలి, ఇప్పుడే చెబుతున్నాను, అడ్డం రావద్దు. అమ్మ మాటలు పట్టించుకోకు.

యావ్

&nbsp;

కుమాసి
జనవరి 9, 1977

అన్నయ్యా,

నువ్వు వెళ్ళాక ఇల్లు చప్పబడింది. ఎడారి గాలి బాగా ఉంది. చెక్కలు రాత్రికి రాత్రే పగుళ్ళిస్తున్నాయి. నాన్న దగ్గు తగ్గింది.

మామె ఆచియా నన్ను ఇంకా వదలడం లేదు. క్రిస్మస్ రోజు నాన్న పీట మీద చెయ్యి వేసి, నీ ముందూ ఆవిడ ముందూ "ఈ రంపం అద్వోవాది, నేనిచ్చాను" అన్నప్పుడు నేను వంటింట్లోకి పారిపోయి కుండలు తోమాను కదా. రోజూ కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ అది చెబుతోంది. "తండ్రి యంత్రం ఇస్తే ఈ పిల్ల కుండ ఇచ్చింది" అని.

నాకు నోరు రాలేదు అన్నయ్యా. రాత్రంతా కృతజ్ఞత చెప్పే వాక్యం కూర్చుకున్నాను, సిస్టర్లు నేర్పినట్టు. తెల్లవారాక అల్లం వేసి మొక్కజొన్న జావ కాచి, రెండు చేతులా ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. వాక్యం మళ్ళీ పోయింది. నాన్న సగం తాగి, మిగతాది నీకు ఇచ్చి, "నీ చెల్లెలు ఏదో అంటోంది, తాగు" అన్నారు. నువ్వు తాగేసి అల్లం ఎక్కువైందన్నావు.

నాకు అదే చాలనిపించింది.

కొత్త బల్లలకి బడి వాళ్ళు చెప్పి వెళ్ళారు. రంపం మీద నేను కోస్తున్నాను, నాన్న కూర్చుని చూస్తున్నారు.

నీ చెల్లెలు
అద్వోవా

&nbsp;

కుమాసి
ఫిబ్రవరి 11

అన్నయ్యా,

నాన్న పోయారు. మంచం మీదే. పొద్దున లేపితే లేవలేదు. ముందు రోజు సాయంత్రం రంపాన్ని ఆయనే తోసుకుని లోపలికి తెచ్చారు.

లారీ డ్రైవరు చేత ఈ కాగితం పంపుతున్నాను. వెంటనే రా.

అద్వోవా

&nbsp;

కుమాసి
మార్చి 27

అన్నయ్యా,

నువ్వు నలభయ్యో రోజుకి రాలేకపోయావు. పని ఎక్కువగా ఉందని రాశావు, సరే. ఏం జరిగిందో వరసగా రాస్తాను, నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదు.

కర్మ అయ్యాక నాన్న తరఫు వాళ్ళు మన ముంగిట్లోనే కూర్చున్నారు. సంతాపపు ఎర్ర బట్టలు ఇంకా మార్చలేదు. అఫ్రియే అత్త, ఆవిడ కొడుకు నిమాకో బావ, వంశ పెద్ద ఒపానిన్ ఆసారే, ఇంకా కొందరు ముసలివాళ్ళు. నిమాకోని నాన్న స్థానంలో కూర్చోబెట్టారు. అది నాకు తెలిసిందే. ఆయన నాన్నకి మేనల్లుడు, మనలో వారసుడు మేనల్లుడే కదా.

తర్వాత ఒపానిన్ ఆసారే నన్ను పిలిచారు. కోపంగా మాట్లాడలేదు. "అమ్మా, మీ నాన్న మా మనిషి. నువ్వు మీ అమ్మ మనిషివి. ఇల్లు ఆయన కట్టాడు, మర్యాదగా ఉన్నన్నాళ్ళూ మీరు ఉండొచ్చు, ఎవరూ లేపరు. కదిలే వస్తువులు మాత్రం మేనల్లుడివి. మీకు రావలసింది మీ మేనమామ దగ్గర ఉంది" అన్నారు.

అని, ముందు గదిలో ఉన్న రంపం వైపు చూశారు.

అప్పుడు నాకు అమ్మ చెప్పిన కుర్చీ మాట అర్థమైంది.

అమ్మ లేచింది. "అది నేలలో ఉండేది. ఇంటిలో భాగం. ఊరంతా చూసింది."

"ఉండేది" అంది అఫ్రియే అత్త. "ఇప్పుడు చక్రాల మీద ఉంది. నీ కూతురే పెట్టింది. మేం పెట్టామా?"

"మేమే పెట్టాం" అన్నాడు నిమాకో. అందరూ ఆయన వైపు తిరిగారు. "చక్రాలు నేనే పంపాను. రేవు నుంచి. యావ్ అడిగితే."

అన్నయ్యా, ఇది నిజమా?

మామె ఆచియా గుంపులోంచి ముందుకి వచ్చింది. నాన్న బతికుండగానే రంపం నాకు ఇచ్చాడని, తను చెవులారా విన్నానని చెప్పింది. ఒపానిన్ ఆసారే తల ఊపారు. "తండ్రి ఇవ్వొచ్చు. ఇచ్చింది పిల్లదే అవుతుంది. మరి పిల్ల కృతజ్ఞత పెట్టిందా? జిన్ సీసా ఏది? ఎవరు తాగారు?" అన్నారు. కృతజ్ఞత పెట్టకపోతే తీసుకోనట్టేనట. తీసుకోకపోతే ఇవ్వనట్టేనట.

అందరూ నన్నే చూశారు. నేను "జావ" అన్నాను. ఎవరో నవ్వారు. "గట్టిగా చెప్పు" అన్నారు. "జావ కాచి ఇచ్చాను" అన్నాను. ఇంకా నవ్వారు. అత్త, "జావ పొద్దున్నే ప్రతి కూతురూ ఇస్తుంది" అంది.

ఒపానిన్ ఆసారే మాత్రం నవ్వలేదు. ఆయన "సీసాయే కావాలని లేదు. పేదవాళ్ళు కల్లు పెడతారు, కల్లు లేనివాళ్ళు నీళ్ళు పెడతారు. ఇచ్చినవాడు తాగి, సాక్షి కూడా తాగితే అది కృతజ్ఞతే. ఆ జావ ఇంకెవరు తాగారు?" అని అడిగారు.

నీ పేరు చెప్పాను.

"అయితే అతన్ని వచ్చి చెప్పమను. ఈస్టర్ తర్వాతి శనివారం మళ్ళీ కూర్చుందాం. అంతవరకూ ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు."

కాగితం మీద రాసి పంపితే కుదరదు, మనిషే వచ్చి నోటితో చెప్పాలి. ఒక్క మాట, "తాగాను" అని. రంపం లేకపోతే నాకు పని లేదు. పని లేకపోతే నేనేం చెయ్యాలో తెలియదు. శుక్రవారానికే వచ్చెయ్యి.

అద్వోవా

&nbsp;

టెమా
ఏప్రిల్ 5

అద్వోవా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చక్రాల సంగతి నిజమే. నిమాకో రేవులో సరుకు బండ్లు బాగుచేసే చోట ఉంటాడు. నాన్న రాత్రిళ్ళు బయట పడుకుంటున్నాడని చెబితే తనే ఇచ్చాడు. తన పేరు చెప్పొద్దన్నాడు, చెబితే నాన్న తీసుకోడని. అందులో నాకేం తప్పు కనపడలేదు. అప్పుడు నాన్న బతికే ఉన్నాడు కదా.

ఈస్టర్‌కి బేకరీలో ఊపిరి సలపదు. శనివారం అంటే మరీ కష్టం. ఒపానిన్ ఆసారే మంచివాడు, నెమ్మదిగా చెబితే వింటాడు. మామె ఆచియాని మళ్ళీ మాట్లాడమను. ఆవిడ గొంతుకి ఎవరైనా లొంగాల్సిందే.

అమ్మని జాగ్రత్తగా చూసుకో. కొంచెం డబ్బు పంపుతున్నాను.

యావ్

&nbsp;

కుమాసి
ఏప్రిల్ 8

యావ్ అన్నయ్యకి,

డబ్బు వెనక్కి పంపాను.

మామె ఆచియా ఆ జావ తాగలేదు. నువ్వు తాగావు. ఆ గదిలో నాన్న, నువ్వు, నేను. నాన్న లేరు. నా మాట నాకు పనికిరాదు.

పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇక్కడుంటావు. చెప్పేసి రాత్రి లారీకి వెళ్ళిపో.

రాకపోతే ఎందుకు రాలేదో రాయి. బేకరీ అని మాత్రం రాయకు.

అద్వోవా

&nbsp;

టెమా
ఏప్రిల్ 13

అద్వోవా,

బేకరీ అని రాయొద్దన్నావు. కానీ అదే.

బాదు మామయ్య పోయిన ఏడాది నన్ను అందరి ముందూ నిలబెట్టి, తన తర్వాత బేకరీకి నేనేనని చెప్పాడు. నేనెవరికీ రాయలేదు, అమ్మకి కూడా. ఆయన కూతురు ఎఫువా ఇక్కడే ఉంది. నాకంటే ముందు లేచి పిండి పిసుకుతుంది, బట్టీల సంగతి నాకంటే ఎక్కువ తెలుసు. మామయ్య ముద్దొచ్చినప్పుడల్లా, "ఈ రెండో బట్టీ నీదేనే" అంటాడు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఆ మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నేను కుమాసి వచ్చి, వంశ పెద్దల ముందు, కూతురు ఇచ్చిన జావ చుక్కతో మేనల్లుడి హక్కు పోతుందని చెప్పాననుకో. ఆ మాట వారం తిరక్కుండా టెమాకి వస్తుంది. నిమాకో ఇక్కడే ఉంటాడు, మామయ్యకి తెలిసినవాడు. అప్పుడు మామయ్య నన్ను చూసి ఏమంటాడు? అక్కడ ఒక న్యాయం, ఇక్కడ ఒక న్యాయమా అంటాడు. ఆయన అనకపోయినా నేను అనుకోవాల్సి వస్తుంది.

నేను తాగాను. నీకు రాస్తున్నాను, నీకు మాత్రమే. అల్లం ఎక్కువైంది, అదీ నిజమే.

శనివారం నా కోసం చూడొద్దు. నాకు ఆ బేకరీ వచ్చిన రోజున నీకు కొత్త రంపం కొనిస్తాను. ఇది ఒట్టు.

నన్ను తిట్టు. కానీ రాయడం మానకు.

యావ్

&nbsp;

కుమాసి
జూన్ 5

యావ్ బరిమా గారికి,

మీ ఉత్తరం శనివారం పొద్దునే అందింది. అమ్మకి చదివి వినిపించలేదు. దారిలో లారీ ఆగిపోయిందేమోనని సాయంత్రం దాకా ఆవిడ గుమ్మంలో కూర్చుంది.

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం కోపం కాదు. మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేకపోతే ఎలా ఉంటుందో, అలా ఉండేది. ఇప్పుడు తగ్గింది. జరిగింది మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఒపానిన్ ఆసారే పొద్దు వాలేదాకా ఆగారు. తర్వాత, "సాక్షి రాలేదు. రానివాడు తాగనట్టే" అన్నారు. ఆయనకి అలా చెప్పడం ఇష్టం లేదని నాకు తెలిసింది. నా వంక చూడలేదు.

నిమాకో నలుగురు మనుషుల్ని తెచ్చుకున్నాడు. వాళ్ళు ముందు గదిలోకి వెళ్ళి రంపాన్ని తోశారు. తొక్కుడు సంగతి వాళ్ళకి తెలియదు. దిమ్మకాళ్ళు గచ్చు మీద గీసుకుంటూ కదిలింది. ఇంకొకడు వెనకనుంచి బలంగా నెట్టాడు. తల వాలింది. పట్టీ తిరిగే పై చక్రం గోడకి కొట్టుకుని గోడ పెచ్చు ఊడింది.

నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఇంకొక్క తోపు తోస్తే అది ముక్కలయ్యేది. ఆ క్షణంలో కావాలనే నోరు మూసుకుని ఉండొచ్చు. ఉందామనే అనుకున్నాను.

లోపలికి వెళ్ళి, వాళ్ళని తప్పుకోమని, తొక్కుడు తొక్కాను. రంపం లేచింది. ఒక్క చేత్తో గుమ్మం దాటించి రోడ్డు మీదికి తెచ్చి నిమాకోకి అప్పగించాను. ఇంతకు ముందు ఎనిమిది మంది మోసిన బరువు. అంత తేలిగ్గా పోయేలా నేనే చేశాను. అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

నిమాకో, "చక్రాలు మామయ్య మంచం ఎక్కాలనే పంపాను. నువ్వు నమ్మకపోయినా సరే" అన్నాడు. నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు ఆయన పక్కనే ఉంటున్నారు కాబట్టి మీకు తెలిసి ఉండొచ్చు. నాకు రాయక్కర్లేదు.

మరుసటి వారం అఫ్రియే అత్త వచ్చింది. కోడిని కూడా తెచ్చింది. "దానికి ఇంత గొడవెందుకే? మావాడిని చేసుకో. మేనమామ కూతుర్ని చేసుకోవడం మనలో ఉన్నదే. రంపమూ నువ్వూ ఒకే కప్పు కింద ఉంటారు" అంది.

"పెళ్ళి ఎవరికి చేస్తున్నావు వదినా, పిల్లకా, రంపానికా?" అంది అమ్మ.

"ఇద్దరికీ మంచిదే కదా."

"అయితే కోడిని రంపానికే వండిపెట్టు."

అత్త నన్నే అడగాలంది. మామూలుగా అయితే నేను వంటింట్లోకి పోయేదాన్ని. పోలేదు. "వద్దత్తా" అన్నాను. వినపడలేదన్నట్టు చూసింది. మళ్ళీ అన్నాను, పక్కింటిదాకా వినపడేలా. మామె ఆచియా మూకుడు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. అత్త కోడిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

బడి వాళ్ళ బల్లలు చేత్తో కోస్తున్నాను. నాన్న చేతిరంపాలు ఎవరూ అడగలేదు, పాతవని. ఒక పలక కోయడానికి పూట పడుతుంది. భుజం నొప్పిగా ఉంది, అయినా అవుతోంది. దిమ్మ ఉన్న చోట ఇంకా గుంత ఉంది. దాన్ని పూడ్చలేదు, నీళ్ళు నిలుస్తున్నాయి.

కొత్త రంపం కొనిస్తానని ఒట్టు పెట్టారు. వద్దు. ఆ రోజు రావాలంటే ముందు బాదు మామయ్య పోవాలి. ఆయన నాకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించారు. ఆయన పోవాలని నేను ఎదురుచూడలేను. మీరు ఎదురుచూస్తున్నారని అనను, కానీ మీ ఒట్టు ఎదురుచూస్తోంది.

అమ్మ బాగుంది. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడగమంది.

ఏప్రిల్ చివర్లో నేను ఎఫువాకి ఉత్తరం రాశాను, తండ్రి ఇచ్చింది కూతురిది కావాలంటే ఏం పెట్టాలో, ఎవరెవరు తాగాలో. ఆమె జవాబు నిన్న వచ్చింది: బాదు మామయ్య బేకరీని ఎఫువాకిచ్చానని చర్చి మనుషుల ముందు చెప్పారట, ఆమె జిన్ సీసా పెట్టిందట, ఆయన తాగి అందరికీ పోశారట.